ప్లగ్ పీకాక కూడా షాక్ కొడుతుంది

ప్రశ్న: అన్నా, బహ్రెయిన్‌లో, గుదైబియాలో ఆరుగురం ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. మా మైక్రోవేవ్‌లో లైటు వెలుగుతోంది, పళ్లెం తిరుగుతోంది, అన్నం మాత్రం చల్లగానే ఉంటోంది. యూట్యూబ్‌లో ఒకాయన మూత విప్పి, కెపాసిటర్ కాళ్ల మీద స్క్రూడ్రైవర్ పెట్టి టప్‌మనిపించి పని మొదలుపెట్టాడు. మేమూ అట్లనే చేయొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఎందుకు వద్దో మీ మైక్రోవేవ్ లక్షణమే చెబుతోంది. లైటు వెలిగి, పళ్లెం తిరుగుతూ వేడి మాత్రం రాలేదంటే, చాలావరకు చెడింది హైవోల్టేజ్ భాగమే: ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్. మామూలు మైక్రోవేవ్‌లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ గోడలోంచి వచ్చిన 230 వోల్టులను 2000 దాటిస్తుంది. డయోడూ కెపాసిటరూ కలిసి దాన్ని ఇంచుమించు రెట్టింపు చేసి మాగ్నెట్రాన్‌కి అందిస్తాయి. ఇంట్లో మనం కొనుక్కునే వస్తువుల్లో విప్పడానికి ఇంత ప్రమాదమైనది ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ప్లగ్ పీకేసినా ఆ కెపాసిటర్ ఛార్జిని పట్టుకునే ఉంటుంది. దాన్ని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ చాలావాటిలో లోపలే ఉంటుంది, కానీ అది తెగిపోయిందో లేదో పైనుంచి చూస్తే తెలియదు. వీడియోలో ఆయన వంద పెట్టెలు విప్పి ఉంటాడు. మీ చెయ్యి జారితే స్క్రూడ్రైవర్ కొస కరగడంతో ఆగదు.

"మా బోర్డులో ఈఎల్‌సీబీ ఉందిలే" అనుకోకండి. అది ఇంట్లో వైర్లలోంచి భూమిలోకి కారే కరెంటును కనిపెడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ అవతల మీకు షాక్ కొడితే దాని కంటికి ఏమీ పడదు. మిమ్మల్ని కూడా ఒక హీటర్ అనుకుని ఊరుకుంటుంది.

మూత విప్పకుండా మీరు చేయగలిగింది ఒకటుంది. లోపల మెరుపులు వస్తుంటే, ప్లగ్ పీకి, పక్క గోడకున్న గోధుమరంగు మైకా అట్ట చూడండి. నూనె చింది మాడిపోయి ఉంటే అలాంటి అట్టే తెచ్చి అదే కొలతకు కత్తిరించి పెట్టుకోవచ్చు. మీ సమస్య అది కాదు కాబట్టి, రిపేరు షాపుకి పట్టుకెళ్లండి. వాడు చెప్పే ధర కొత్తదాని ధరలో సగం దాటితే ఆరుగురూ తలా కాస్త వేసుకుని కొత్తది కొనుక్కోవడమే నయం.

ప్రశ్న: ఊరి నుంచి స్టీలు గ్రైండరు తెచ్చుకున్నాం. ముహరక్‌లో మా ఇంటి సాకెట్‌లో దాని గుండ్రటి ప్లగ్ పట్టలేదని మావారు రెండు పిన్నుల ప్లగ్ వేశారు. పై రంధ్రంలో పెన్ను గుచ్చి, కింద ప్లగ్ దోపుతారు. పిండి రుబ్బుతూ తడిచేత్తో తాకితే జివ్వుమంటోంది.

జవాబు: ముందు ఆ ప్లగ్ తీయించండమ్మా. పిండి ఆగినా ఫర్వాలేదు.

గల్ఫ్‌లో పెన్ను గుచ్చని తెలుగిల్లు తక్కువేలెండి. బహ్రెయిన్ సాకెట్లు బ్రిటిష్ పద్ధతివి. పై రంధ్రం ఎర్త్‌ది. ఎర్త్ పిన్ను దిగితేనే కింది రెండు రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. చిన్నపిల్లలు మేకులు దూర్చకుండా పెట్టిన ఏర్పాటది. పెన్నుతో ఆ కాపలాని మోసం చేస్తున్నారు, పైగా గ్రైండరుకి ఎర్త్ అన్నదే లేకుండా చేశారు. మోటారు చుట్టలోంచి కాస్త కరెంటు లీకైనా పోవడానికి దారి లేక స్టీలు ఒంటి మీదే ఉంటుంది. మీ తడిచెయ్యి దానికి దారి. ఇంకొక చిక్కు: రెండు పిన్నుల ప్లగ్‌ను ఎటు తిప్పైనా దోపవచ్చు. తిరగబడితే గ్రైండరు స్విచ్ ఆపినా ఫేజ్ లోపలే ఉండొచ్చు. అందుకే కడిగేముందు స్విచ్‌ను నమ్మకుండా ప్లగ్ పీకాలి.

ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా చదరపు పిన్నుల ప్లగ్ దొరుకుతుంది. విప్పి, లోపలి వైపు చూస్తూ ఎర్త్ పైకి పెట్టుకుంటే, ఫ్యూజు ఉన్న కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. గోధుమరంగు వైరు కుడికి, నీలం ఎడమకి, పచ్చ-పసుపు పైకి. పాత భారతీయ వైరైతే ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. ఎర్త్ వైరును మిగతా రెండిటికన్నా కొంచెం పొడుగ్గా వదలండి. ఎవరైనా తీగ పట్టి లాగితే అది ఆఖరున ఊడుతుంది. గ్రైండరు మీద 150 వాట్లని రాసి ఉంటే ప్లగ్‌లో 3 ఆంప్స్ ఫ్యూజు చాలు. షాపువాడు 13 ఆంప్స్‌ది వేసి ఇస్తాడు, అది ఇస్త్రీపెట్టెకీ కెటిల్‌కీ.

ఎర్త్ ఇచ్చాక ఈఎల్‌సీబీ పడిపోతుంటే విసుక్కోకండి. మోటారు వైండింగ్ చూపించమని అది చెబుతోంది.

ప్రశ్న: సల్మాబాద్ క్యాంపులో ఉంటా. ఊళ్లో టీవీ పని నేర్చుకున్నా. ఇక్కడ రూమ్మేట్ల టీవీలు చూస్తుంటా. సిరీస్ బల్బు పెట్టుకుంటే షాక్ భయం లేనట్టే కదా?

జవాబు: టీవీకి పోయే కరెంటు దారిలో వరసగా కలిపే సిరీస్ బల్బు టీవీని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, ఫ్యూజు మిగులుతుంది, అంతే. 100 వాట్ల బల్బు 430 మిల్లీఆంప్స్ దాకా పోనిస్తుంది. మనుషుల కోసం పెట్టే ఈఎల్‌సీబీ 30కే పడిపోతుంది, మిగతాది మీరే లెక్కేసుకోండి.

టీవీ పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు, కొన్నిటిలో 400 దాకా నిలుస్తాయి. ప్లగ్ పీకి, 2 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న తీగలతో దాని కాళ్లకు తాకించి, తర్వాత మీటరు పెట్టి చూడండి. సున్నాకి దగ్గరికొచ్చాకే వేలు పెట్టాలి. నేను షాపులో కూర్చున్న కొత్తలో మా గురువుగారు కరెంటున్న బోర్డు ముట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి జేబులోంచి తీయనిచ్చేవారు కాదు. ఒక చేతిలోంచి ఇంకో చేతికి పోయే కరెంటు గుండె మీదుగా పోతుంది మరి.

ఆగస్టులో ఏసీ లేని గదిలో చెమట కారుతూ, ఇనుప మంచం మీద కూర్చుని టీవీ విప్పకండి. తడి ఒళ్లు కరెంటును సులువుగా పోనిస్తుంది, ఇనుప మంచం దానికి తోడు. చెక్క బల్ల వేసుకోండి, కడియం, ఉంగరం తీసేయండి. రాత్రి డ్యూటీ వాళ్లు నిద్రపోతున్నారని ఒంటరిగా చేయొద్దు, ఒకరిని లేపి కూర్చోబెట్టుకోండి. ఏదైనా జరిగితే అతను ముందు మెయిన్ ఆపాలి, తర్వాతే మిమ్మల్ని తాకాలి, 999కి ఫోన్ చేయాలి. ఈ మూడూ అతనికి ముందే చెప్పి మొదలుపెట్టండి.

ప్రశ్న: పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బింది. ఊరెళ్తూ తమ్ముడికి తీసుకెళ్దామని. పిన్నుతో గాలి తీసేస్తే సరిపోతుందా?

జవాబు: పిన్ను పెడితే మంట. ఉబ్బిన బ్యాటరీని విమానంలో చేతిసంచిలోనూ ఒప్పుకోరు, లగేజీలోనూ ఒప్పుకోరు. ఫోన్ ఆపేసి, ఇక ఛార్జింగ్ పెట్టకుండా, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టండి. ఫోన్ షాపుకి తీసుకెళ్లేదాకా డబ్బా నీడలో ఉండాలి, బాల్కనీలో మాత్రం పెట్టకండి, గల్ఫ్ ఎండ మీకు తెలిసిందే.