మొలుస్తూనే దెబ్బతిన్న పళ్ళు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నల్లగొండ దగ్గర పల్లె. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో పసిపిల్లల కేంద్రంలో పనిచేస్తున్నాను. ఇక్కడికొచ్చే అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) పిల్లల్లో చాలామందికి ముందుపళ్ళు మొలుస్తూనే తెల్లమచ్చలు, గుంటలు ఉంటున్నాయి. రెండేళ్ళు నిండేసరికి పుచ్చి విరిగిపోతున్నాయి. తల్లులు కూల్‌డ్రింకులు తాగించి, పళ్ళు తోమకపోవడం వల్లేనని తోటివాళ్ళు అంటున్నారు. నాకేమో మా ఊరి గారపళ్ళు గుర్తొస్తున్నాయి. ఇది నీళ్ళ దోషమా?

జవాబు: నల్లగొండ వాళ్ళకు ఆ అనుమానం రావడం సహజమేనమ్మా. మధ్య ఆస్ట్రేలియాలోనూ కొన్నిచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువే. కానీ ఫ్లోరైడ్ గార ఎక్కువగా కనబడేది శాశ్వత దంతాల మీద. మీరు రాసినవి పాలపళ్ళు. వాటికి దెబ్బ ఇంకా ముందే తగిలింది.

పాలపళ్ళ పైపొర అయిన ఎనామిల్ కడుపులో నాలుగో నెలప్పుడు మొదలై, పుట్టాక ఏడాది వరకూ తయారవుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో తల్లికి సరైన తిండి లేకపోయినా, షుగర్ ఉన్నా, పొగాకు అలవాటున్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టాక పదేపదే జబ్బుపడినా ఎనామిల్ పలచబడుతుంది, గుంటలు పడుతుంది, లేదా సుద్దలా పెళుసవుతుంది. దాన్ని తయారుచేసే కణాలు పన్ను మొలిచాక మిగలవు. విరిగిన ఎముక అతుక్కున్నట్టు అది మళ్ళీ పూడదు. ఆ గుంటల్లో క్రిములు తొందరగా చేరతాయి. తీపి తోడైతే కొద్ది నెలల్లోనే పిప్పి పడుతుంది.

కూల్‌డ్రింకుల పాత్ర లేదని నేననను. కానీ కడుపులో ఉండగా జరిగిన నష్టాన్ని, తాజా కూరగాయలు కొనలేనంత ఖరీదుగా ఉండే మారుమూల ఊళ్ళలో బతికే తల్లి నిర్లక్ష్యంగా తేల్చేయడం అన్యాయం. ఇది వాళ్ళ జాతి లక్షణమనే మాటా తప్పే. 1951లో అడిలైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మధ్య ఆస్ట్రేలియాలోని యుండుమూ అనే ఊళ్ళో వార్ల్‌పిరి అనే అబోరిజినల్ ప్రజల పళ్ళను పరిశీలించడం మొదలుపెట్టినప్పుడు పుచ్చుపళ్ళు తక్కువే. వేట, సేకరణల తిండి తగ్గి పిండి, చక్కెర వాడకం పెరిగేకొద్దీ అవి పెరిగాయి.

మీరు చేయగలిగింది చాలా ఉంది. తల్లి అనుమతితో బిడ్డ పైపెదవి ఎత్తి చిగురు దగ్గర చూడండి. సుద్దలాంటి తెల్లగీత కనిపిస్తే ఆ వారమే క్లినిక్‌కు పంపండి. పంటిని కాపాడే ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం కొన్ని నిమిషాల పని. శిక్షణ పొందిన అబోరిజినల్ ఆరోగ్య కార్యకర్తలు ఊళ్ళోనే పూయగలరు. మీరుండే నార్తర్న్ టెరిటరీలోనే 30 మారుమూల సముదాయాలను ఎంచుకుని, వాటిలో సగం చోట్ల ఆరు నెలలకోసారి వార్నిష్ పూసి, తల్లిదండ్రులకు సలహాలిచ్చి చూశారు. మిగతా సగంతో పోలిస్తే అక్కడ రెండేళ్ళలో కొత్త పుచ్చు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గింది. పుచ్చు ముదిరితే అంత పసివాణ్ణి ఇల్లు వదిలి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, మత్తిచ్చి పళ్ళు తీయించాల్సి వస్తుంది. పుచ్చును ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ కూడా ఉంది. అది రాసినచోట పిప్పి నల్లబడుతుందని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పాలి. సీసాలో నీళ్ళు తప్ప తీపి పానీయాలు వద్దని మీ కేంద్రంలోనే నియమం పెట్టించండి.

ప్రశ్న: మా మనవడు ఏడో నెలలో పుట్టాడు. పాలపళ్ళకు గుంటలున్నాయి. ఎలాగూ ఊడిపోయేవే కదా, వదిలేయొచ్చా?
- ఒక నాయనమ్మ, తాడేపల్లిగూడెం

జవాబు: వదలొద్దమ్మా. పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. పిప్పి లోతుకెళితే కింద తయారవుతున్న పన్నుకూ ముప్పే. ఇప్పుడే పిల్లల దంతవైద్యునికి చూపించండి. ఆరేళ్ళకు మొదటి శాశ్వత దవడపళ్ళు వస్తాయి. వాటి ఎనామిల్ పుట్టిన రోజుల్లోనే మొదలవుతుంది కాబట్టి, మొలవగానే వాటినీ చూపించండి.