పక్క బల్ల మీద పని

టీవీ రంగంలో "అన్నీ చేస్తాను సార్" అంటూ వచ్చే కుర్రాళ్లకు కొదవ లేదు. స్క్రిప్టు రాస్తారట, కెమెరా పడతారట, ఎడిటింగూ వచ్చట. ప్రొడక్షన్ మేనేజరు టీ ఇప్పించి పంపేస్తాడు గానీ పని ఇవ్వడు. ఏ పనికి పిలవాలో ఆయనకు తెలియాలి కదా! ముందు ఒక్క పనికి మన పేరు గుర్తు రావాలి. మిగతా పనులు ఆ తర్వాత.

ఆ తర్వాత ఎటు కదలాలన్నదే అసలు ప్రశ్న. జీతం ఎక్కువున్న వైపు కాదు, పేరున్న వైపూ కాదు. మన చేతిలోంచి పని ఎవరి బల్ల మీదికి వెళ్తుందో అటు చూడమంటాను. మన పొరపాటుకు తిప్పలు పడేది వాళ్లే.

డైలీ సీరియల్లో కంటిన్యుటీ చూసే అసిస్టెంటునే తీసుకోండి. హాలు సెట్టు వేశారంటే నాలుగైదు ఎపిసోడ్ల హాలు సీన్లన్నీ వరసపెట్టి లాగించేస్తారు. అత్తగారి బొట్టు ఎంత సైజు, కోడలు కొంగు దోపుకుందా వదిలేసిందా, టీపాయ్ మీద గ్లాసులో నీళ్లు ఎంతవరకున్నాయి, తలుపు ఓరగా ఉందా వేసి ఉందా... అన్నీ రాసుకోవాలి, ఫోన్లో ఫొటో తీసుకోవాలి. ఇందులో ఏది తప్పినా సెట్లో ఎవరికీ తెలియదు. రాత్రి ఎడిట్ సూట్లో బయటపడుతుంది. వైడ్ షాట్లో నిండుగా ఉన్న గ్లాసు క్లోజప్‌కి వచ్చేసరికి సగమైపోతుంది. ఎడిటర్ చేసేదేముంది? పక్కన ఊరికే నిలబడిన ఆడపడుచు మొహం మీదికి కట్ చేసి అతుకు కప్పేస్తాడు. సీరియళ్లలో మాట్లాడని మొహాలు అన్నిసార్లు కనిపించడానికి ఇదీ ఒక కారణమే!

ఆ అసిస్టెంటు పేకప్ అయ్యాక అప్పుడప్పుడు ఎడిటర్ వెనక కుర్చీలో కూర్చుంటే, మర్నాడు సెట్లో "సార్, తండ్రి మీద ఒక రియాక్షన్ తీసుకుందామా" అని అడగగలుగుతాడు. కొన్నాళ్లకు డైరెక్టరే షాట్ ఓకే అనే ముందు అతడి వైపు చూస్తాడు.

రాజమౌళి విజయాల గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు ఆయన మొదట్లో ఏం చేశారో దాటేస్తుంటారు. కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర ఎడిటింగ్‌లో అసిస్టెంటుగా పనిచేశారు. ఈటీవీలో 'శాంతి నివాసం' సీరియల్‌కి దర్శకత్వం వహించారు. 2001లో వచ్చిన 'స్టూడెంట్ నంబర్ 1' ఆ తర్వాతి మాట.

మనకు పని అందించే వెనకవైపు బల్లకూ వెళ్లొచ్చు. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం'లో అమృతరావుగా నవ్వించిన నటుల్లో హర్షవర్ధన్ ఒకరు. తర్వాత 'గుండెజారి గల్లంతయ్యిందే', 'మనం' సినిమాలకు మాటలు రాశారు. రోజూ ఎవరో రాసిన డైలాగును నోట్లో తిప్పుకున్నవాడికి, ఏ మాట నాలుక మీద ఆడుతుందో, ఏది కాగితం మీదే చచ్చిపోతుందో ఒకరు చెప్పాలా?

ఇంతవరకూ చెప్పినంత సాఫీగా ఏదీ జరగదు, అదీ నిజం. సీరియళ్లలో ఆరితేరినవాడిని లైవ్ షో కంట్రోల్ రూమ్‌లో (పీసీఆర్) కూర్చోబెట్టి చూడండి. ఎదురుగా మానిటర్ల వరస. టాక్‌బ్యాక్‌లో "టూ రెడీ... టేక్ టూ" అనేలోపు యాంకర్ మూడో కెమెరా వైపు తిరిగిపోయి ఉంటుంది. వన్ మోర్ అనడానికి వీల్లేదు. నిన్నటిదాకా సెట్లో కుర్చీ వేయించుకున్నవాడు, తనకంటే పదేళ్లు చిన్న కుర్రాణ్ని "ఈ బటన్ దేనికి?" అని అడగాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పని రాక కాదు, అడగలేక. అయిదు నిమిషాల ఆ నామోషీని ఓర్చుకున్నవాడు నెల తిరిగేసరికి కెమెరాలు మార్చే స్విచ్చర్ దగ్గర కూర్చుంటాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కొత్త విభాగంలో మళ్లీ కింది మెట్టు నుంచే లెక్క. రోజువారీ బేటా తగ్గుతుంది, పేమెంట్ ఎపిసోడ్లు టెలికాస్ట్ అయ్యాక ఎప్పటికో వస్తుంది. కొన్ని నెలల ఇంటి అద్దె చేతిలో ఉంచుకున్నాకే మారండి. షెడ్యూల్ మధ్యలో మాత్రం వెళ్లొద్దు. కంటిన్యుటీ ఫొటోలు ఎపిసోడ్ నంబర్ల వారీగా సర్ది, వచ్చేవాడికి అప్పగించి, ఓ రెండు రోజులు పక్కనుండి మరీ కదలండి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో మీ పాత డైరెక్టరూ కొత్త డైరెక్టరూ టీ తాగేది ఒకే కొట్టు దగ్గర.