ప్రెజర్ ట్యాంకు: భివండీ ఇంటి సైజు మన షెడ్డు బోరుకు సరిపోదు



పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన కుటుంబాలు మహారాష్ట్రలోని భివండీలో, ముఖ్యంగా పద్మానగర్‌లో, తరాలుగా స్థిరపడ్డాయి. అటువంటి పట్టణాలలో నీరు వచ్చిన వేళ సంపులో పట్టి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. పై అంతస్తులో ధార సన్నగా వస్తే చిన్న పంపుకు 24 లీటర్ల ప్రెజర్ ట్యాంకు తగిలించడం మామూలే. పండుగకు వచ్చిన బంధువు మాట విని, అదే ట్యాంకును పట్టుపురుగుల షెడ్డు బోరుకు పెట్టాలనుకునే వారు ముందుగా ఈ లెక్క చూడాలి. తేడా వస్తే కాలిపోయేది మోటారు, అది కూడా పురుగులు మేతలో ఉన్నప్పుడే.

ట్యాంకు పనిచేసే తీరు

ఇనుప ట్యాంకులో రబ్బరు సంచి ఉంటుంది. సంచిలోకి నీరు వస్తుంది, దాని చుట్టూ గాలి ఉంటుంది. మోటారు నీటిని తోసేకొద్దీ గాలి నలిగి బిగుస్తుంది. గేజి 3 కిలోలు చూపగానే ప్రెజర్ స్విచ్ మోటారును ఆపుతుంది. కుళాయి తిప్పితే నలిగిన గాలే నీటిని బయటికి నెడుతుంది. ప్రెజర్ 1.5 కిలోలకు దిగగానే మోటారు మళ్ళీ మొదలవుతుంది. ఈ మధ్యలో బయటికి వచ్చే నీరు ట్యాంకు సైజులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, సుమారు 35 శాతం మాత్రమే. 100 లీటర్ల ట్యాంకు 35 లీటర్లు ఇస్తుంది, 24 లీటర్లది 8 లీటర్లు ఇస్తుంది. కనుక ఇది నీరు నిల్వ చేసే ట్యాంకు కాదు. కరెంటు పోతే ఆ కాస్త నీటితోనే సరి.

సైజు కట్టే విధానం

20 లీటర్ల బకెట్టును బోరు ధార కింద పెట్టి గడియారం చూడండి. 30 సెకన్లలో నిండితే మీ మోటారు నిమిషానికి 40 లీటర్లు ఇస్తున్నట్లు. (ప్రెజర్ ఎక్కినప్పుడు ఇది తగ్గుతుంది. అయినా లెక్క ఎక్కువ వైపు ఉండడమే మంచిది.) చిన్న మోటారు ఒకసారి మొదలైతే కనీసం ఒక నిమిషమైనా నడవాలి, పెద్దదైతే రెండు నిమిషాలు. అంటే ట్యాంకు నుంచి 40 లీటర్లు రావాలి. 40ని 0.35తో భాగిస్తే 114 లీటర్లు వస్తుంది. కొట్లో దొరికే దాని పై సైజు తీసుకోవాలి.

అదే బోరుకు 24 లీటర్లది పెట్టి, నిమిషానికి 10 లీటర్లు తీసుకునే తుంపర నాజిళ్ళు తిప్పారనుకుందాం. మోటారు 17 సెకన్లు నడిచి, 50 సెకన్లు ఆగుతుంది. గంటకు 50 సార్లకు పైగా మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, వైండింగు వేడెక్కుతుంది. 200 లీటర్లదైతే గంటకు 6 లేదా 7 సార్లే. ఇంటి కుళాయిల వాడకం నిమిషాలలో ముగుస్తుంది. షెడ్డులో ఎండ వేళ నాజిళ్ళు గంటల తరబడి నడవవచ్చు. అసలు తేడా అక్కడే ఉంది.

మరొక సంగతి చాలామంది మరచిపోతారు. 1 కిలో ప్రెజర్ అంటే 10 మీటర్ల ఎత్తు. బోరులో నీరు 60 మీటర్ల లోతున ఉంటే, 3 కిలోలకు మరో 30 కలిపి మోటారు 90 మీటర్లు తోయగలగాలి. తోయలేకపోతే గేజి 3కు చేరదు, మోటారు ఆగదు. వేసవిలో నీటి మట్టం దిగినప్పుడు ఈ లెక్క మళ్ళీ చూసుకోవాలి.

అందరికీ అవసరమా?

మా అభిప్రాయంలో అవసరం లేదు. చాకీ పురుగులకు గదిలో 80 నుంచి 85 శాతం, పెద్ద పురుగులకు 70 నుంచి 75 శాతం తేమ కావాలి. చిన్న గదికి తడిపిన గోనె సంచులు, కింద తడి ఇసుక చాలు. చేతులు, తట్టలు, నేల కడగడానికి 3 మీటర్ల ఎత్తున పెట్టిన నీటి ట్యాంకు ఇచ్చే 0.3 కిలోల ప్రెజర్ సరిపోతుంది, కరెంటు పోయినా నీరు ఉంటుంది. పెద్ద షెడ్డులో నాజిళ్ళు బిగించిన వారికే ప్రెజర్ ట్యాంకు పని. నాజిలుకు ఎంత ప్రెజర్ కావాలో కొనేటప్పుడే అడగండి. పొగమంచులా చిమ్మే రకాలు కొన్నింటికి ఈ ట్యాంకు ప్రెజర్ చాలదు. తుంపర ఆకు మీద, పడకల మీద పడకూడదు. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు నాజిళ్ళు కట్టివేయాలి, అప్పుడు పడక పొడిగా ఉండాలి.

నాలుగు నెలలకు ఒకసారి, పంట దించిన తర్వాత, మోటారు ఆపి ట్యాంకులోని నీరంతా వదలండి. పైనున్న వాల్వుకు టైరు గేజి పెట్టి చూస్తే గాలి 1.35 కిలోలు, అంటే 19 పౌండ్లు ఉండాలి. తగ్గితే సైకిలు పంపుతో కొట్టవచ్చు. వాల్వు నొక్కినప్పుడు గాలికి బదులు నీరు చిమ్మితే సంచి చిరిగినట్లే, మార్చాలి. షెడ్డు శుద్ధికి కలిపే బ్లీచింగు ద్రావణాన్ని ఈ ట్యాంకు గుండా పంపరాదు, వేరే స్ప్రేయరు వాడాలి.