పడుకోనివ్వని కాళ్ళు

మా పెద్దాపురంలో రాత్రి భోజనాలయ్యాక "కాళ్ళు లాగేస్తున్నాయే" అనే మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. మా అమ్మమ్మా అంటుంది. పగలంతా పనిచేసిన అలసటేలే అని నాలుగు నిమిషాలు కాళ్ళు నొక్కి ఊరుకుంటాం.

కానీ అన్ని లాగుళ్ళూ అలసట కాదు. రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అనే జబ్బు ఒకటుంది. దీన్ని 1672లోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ వర్ణించాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ దీనికి ఈ పేరు పెట్టాడు.

నాలుగు ప్రశ్నలు అడగండి. కాళ్ళు కదపకుండా ఉండలేకపోతున్నారా? కూర్చున్నా, పడుకున్నా ఎక్కువవుతోందా? లేచి నడిస్తే తగ్గుతోందా? సాయంత్రం, రాత్రి ముదురుతోందా? నాలుగింటికీ అవునంటే డాక్టరుకి చూపించాలి. పిక్క పట్టేయడం వేరు, అది కండరం బిగుసుకుని వచ్చే నొప్పి. ఈ జబ్బున్న చాలామందికి నిద్రలో కూడా 20-40 సెకన్లకోసారి కాళ్ళు ఎగురుతుంటాయి. ఆ సంగతి వాళ్ళకి తెలీదు, పక్కన పడుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

ముఖ్య కారణాల్లో ఒకటి ఇనుము లోపం. మెదడులో డోపమైన్ తయారవ్వాలంటే ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు. అందుకే ఫెరిటిన్ పరీక్ష గురించి కూడా డాక్టరుని అడగాలి. గర్భిణులకీ, కిడ్నీ రోగులకీ ఈ బాధ ఎక్కువ. ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ కాళ్ళు నొక్కండి. నొక్కుతూనే ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి.