పెండ్లి యీడు

వరంగల్లు పరిసర గ్రామములలో మాఘమాసము వచ్చినంతనే మేళతాళములు వినవచ్చును. పందిటిలో కూర్చున్న పెండ్లికూతురి వయసెంత యని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను మరుసటి యేడు ప్రసూతి వైద్యశాలలో డాక్టరు అడుగును.

పదునారేండ్ల బాలిక శరీరము ఇంకను పూర్తిగా ఎదిగి యుండదు. తన పెరుగుదలకు వలసిన ఆహారమునే ఆమె గర్భస్థ శిశువుతో పంచుకొనవలసి వచ్చును. రక్తహీనత, కష్టప్రసవము, బరువు తక్కువ బిడ్డ పుట్టుట అట్టి తల్లులయందే ఎక్కువ.

కన్నవారు కూతురికి కీడు కోరి పెండ్లి చేయుదురా? చేయరు. ఊరిలోని బడి చదువు ముగిసినది. ఉన్నత పాఠశాల దూరము, త్రోవలో తోడు లేదు. పత్తి యేరు దినములలో తల్లిదండ్రులు తెల్లవారకమునుపే చేనికి పోవుదురు. ఎదిగిన పిల్లను ఒంటరిగా ఇంట విడుచుటకు వారికి భయము. బడి మానిన పిల్ల తల్లి వెంట కూలికి పోవును. ఈడు పెరిగినకొలది కట్నమును పెరుగునని ఇరుగుపొరుగువారు చెప్పుచునే యుందురు. అంతలో ఒక సంబంధము ఇంటికి వచ్చును. దానిని కాదనుటకు ఆ పేదయింట ఎంత ధైర్యము కావలెను!

చట్టము లేకపోలేదు. 1929లో వచ్చిన శారదా చట్టము బాలికకు పదునాలుగేండ్లు నిండవలెనని విధించినది. కాని అది బ్రిటిషు ఇండియాకే వర్తించినది. వరంగల్లు నాడు నైజాము సంస్థానములోనిది. 1934లో ఖమ్మమున ఆంధ్రమహాసభ జరిగినపుడు మహిళాసభకు ఎల్లాప్రగడ సీతాకుమారి అధ్యక్షత వహించెను. చట్టము రాని చోట ఇట్టి సభలే మార్పునకు మాటలు నేర్పినవి. 1978లో బాలికల వివాహవయస్సు పదునెనిమిదికి పెంచబడెను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 2015–16లో తెలంగాణమున 15 మొదలు 19 ఏండ్ల వయసుగల బాలికలలో నూటికి 10.6 మంది తల్లులో గర్భవతులో అయి యుండిరి. 2019–21 నాటికి ఆ సంఖ్య 5.8కి దిగెను. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంఖ్య 12.6. ఒకే భాష మాటాడు రెండు రాష్ట్రముల నడుమ ఇంత భేదమునకు ఒక్క కారణము చెప్పుట తొందరపాటగును. 2014లో మొదలైన కల్యాణలక్ష్మి పథకము పదునెనిమిదేండ్లు నిండిన వధువులకే ధనసహాయము చేసినది. అయితే పెండ్లికి ధనమిచ్చుటకంటె చదువునకు తావిచ్చుట మేలు. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలోను, గురుకులములలోను పిల్లలు అచ్చటనే ఉండి చదువుదురు. దూరపు చిక్కు లేదు, త్రోవ భయమును లేదు.

వేసవి సెలవులలో మాత్రము వారు ఇండ్లకు పోవుదురు. ముహూర్తములును ఆ దినములలో మెండు. బడి తెరచిన దినమున ఉపాధ్యాయిని హాజరుపట్టీ తీసి ఒక్కొక్క పేరే పిలుచును. బదులు రాని పేరునకు ఎదుట చుక్క పెట్టుకొని, సాయంకాలమున ఆ బాలిక యింటికి బయలుదేరును.