రాత్రి లేచి నీళ్లిచ్చేది ఎవరు?

పెద్దల బాగోగులు: ప్రశ్నలు - జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలానికి సంబంధించినవే. మూడిండ్లలోనూ సమస్య ఒక్కటే: పెద్దవాళ్లను ఎక్కడ ఉంచాలి? జవాబు మాత్రం మూడింటికీ మూడు రకాలు.

ప్రశ్న: మాది మిడ్ మానేరు ప్రాజెక్టు ముంపు ఊరు. అవ్వ, బాపు ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. బాపుకు 74 ఏండ్లు, రిటైర్డ్ టీచర్. షుగరుంది గానీ తన పనులన్నీ తానే చేసుకుంటాడు. అవ్వకు 69, మోకాళ్ల నొప్పులు. నేను హైదరాబాద్‌లో, చెల్లె అమెరికాలో ఉంటాం. నగరం శివార్లలో పెద్దల కోసమే కట్టిన గేటెడ్ కాలనీలో ఇల్లు తీసుకుందామని చెల్లె అంటున్నది. నర్సులుండే కేర్ హోమ్ అయితే ముందుముందు రంది ఉండదని నాకు అనిపిస్తున్నది. ఏది మంచిది?
- ఒక కొడుకు, హైదరాబాద్

జవాబు: ఈ రెండూ ఒకటి కావు. రిటైర్మెంట్ కాలనీ అంటే ఇల్లు. తలుపు మనది, తాళం మనది. వంట ఓపిక లేనిరోజు భోజనశాల ఉంటుంది, ఆపదలో నొక్కడానికి గంట ఉంటుంది, మాట్లాడటానికి ఈడువాళ్లుంటారు. కేర్ హోమ్ అంటే చేతులు. లేపి కూర్చోబెట్టే, తినిపించే, శుభ్రం చేసే మనుషులు రాత్రింబవళ్లు దగ్గరుంటారు. నడిచే మనిషిని మంచం పట్టినవాళ్ల మధ్య ఉంచితే నెలలోనే దిగులు పడతాడు. మంచం పట్టిన మనిషిని ఎంత అందమైన కాలనీలో పెట్టినా లాభం లేదు.

ఎవరికి ఏది అవసరమో తేల్చడానికి వైద్యులు 1963 నుంచి వాడుతున్న ఒక లెక్క ఉంది. సిడ్నీ కాట్జ్ అనే అమెరికన్ డాక్టర్ పెట్టిన ఆరు పనుల పరీక్ష అది. స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, తన చేత్తో తినడం. వీటిలో ఎన్ని సొంతంగా చేసుకోగలరో చూడండి. మీ బాపు ఆరూ చేసుకుంటున్నట్టే ఉంది. అవ్వకు మోకాళ్ల వల్ల ఒకటి రెండు చోట్ల ఆసరా కావాలేమో. ఇద్దరిలో ఎవరికీ ఇప్పుడు కేర్ హోమ్ అవసరం లేదు.

మరి గేటెడ్ కాలనీ? ముందు వాళ్లనే అడగండి. ఇద్దరినీ విడివిడిగా అడగండి, ఒకరి ముందు ఒకరు మనసు విప్పరు. పుట్టి పెరిగిన ఊరు నీళ్లలో కలిసిపోతే ఒకసారి కదిలినవాళ్లు. ఇప్పుడున్న కాలనీలో పక్కింటివాళ్లు కూడా పాత ఊరివాళ్లే అయితే ఆ తోడును హైదరాబాద్‌లో డబ్బు పెట్టి కొనలేరు. సరేనంటే వెంటనే కొనకుండా నెల రోజులు అద్దెకు ఉంచి చూడండి.

కొనేటప్పుడు ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. కేంద్రం 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టే కంపెనీ, సేవలందించే సంస్థ, కొనేవారు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలని వాటిలో ఉంది. ఆ కాగితంలో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి. నెలవారీ ఖర్చు ఏటా ఎంతవరకు పెంచుతారు? ఒకరు మంచం పడితే అక్కడే చూస్తారా, తీసుకుపొమ్మంటారా? ఒకరు కాలం చేస్తే రెండోవారికి అవే షరతులు ఉంటాయా? ఖాళీ చేస్తే డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగిస్తారు? రెండో ప్రశ్నకు నోటిమాటతో సరిపెడితే సంతకం పెట్టకండి.

నా సలహా: ఇప్పటికి వాళ్లను ఇప్పుడున్న కాలనీలోనే ఉండనివ్వండి. బాత్రూంలో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు, జారని బండలు, అవ్వకు కూర్చునే కమోడ్ ఈ నెలలోనే పెట్టించండి. ఏటా ఒకసారి ఆ ఆరు పనుల లెక్క మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: మా అత్తమ్మకు 72 ఏండ్లు. ఏడాది కింద పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అన్నీ మంచంలోనే. మా ఆయన దుబాయ్‌లో ఉంటాడు. నేను బీడీలు చేసుకుంట, ఇద్దరు పిల్లలను బడికి పంపుకుంట ఆమెను చూస్తున్న. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలె. నా నడుము పోయింది. కరీంనగర్‌లో ఏదన్న కేర్ సెంటర్ల పెడుదామంటే "అత్తను ఆశ్రమంల ఏసింది" అంటరని భయం.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఏడాదిగా మీరొక్కరే చేస్తున్న పనికి కేర్ సెంటర్లలో ఇద్దరు ముగ్గురిని వంతుల వారీగా పెడతారు. మీరు అలిసిపోవడం తప్పు కాదు. మీరు పడిపోతే ఆ ఇంట్లో నలుగురూ పడిపోయినట్టే.

మొదట అత్తమ్మ ఒళ్లు చూడండి. నడుము కింది ఎముక, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా? వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఆ పుండు రాకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మోకాలు మడిచి, భుజం, తుంటి రెండూ పట్టి మెల్లగా ఒక పక్కకు తిప్పండి. వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టండి. పడిపోయిన చేయి పట్టి మాత్రం ఎప్పుడూ లాగకండి, భుజం జారుతుంది. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. తింటుంటే దగ్గు వస్తున్నదంటే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

వైకల్య ధ్రువీకరణ సర్టిఫికెట్ తీయించండి. వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలైతే దివ్యాంగుల పింఛను 4,016. ఏడాది గడిచినా ఫిజియోథెరపీతో ఎంతో కొంత మేలుంటుంది, సిరిసిల్ల జిల్లా ఆస్పత్రిలో అడగండి.

ఇక అసలు సంగతి. ఆమె ఒక్క మీ భర్తకే అమ్మ కాదు. ఆడబిడ్డలు, మరుదులు ఉంటే వాళ్లకూ అమ్మే. దుబాయ్ నుంచి మీ ఆయన ఫోన్‌లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. వచ్చి చేసేవాళ్లు వచ్చి చేయాలి, రాలేనివాళ్లు రాత్రిపూట చూసే మనిషికి జీతం పంచుకోవాలి. మీకు రాత్రి నిద్ర దొరికితే సగం బరువు దిగుతుంది.

అది కుదరకపోతే కేర్ సెంటరే సరైన దారి. మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావరకు తమ పనులు తాము చేసుకునేవాళ్లనే చేర్చుకుంటారు, కాబట్టి అత్తమ్మ సంగతంతా ముందే చెప్పండి. ఆ సెంటర్‌ను పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక చెప్పకుండా ఒకసారి చూడండి. రాత్రి ఎంతమందికి ఎంతమంది ఆయాలున్నారు? మంచంలో ఉన్నవాళ్ల గోళ్లు తీసి ఉన్నాయా? నీళ్ల గ్లాసు చేతికందే దూరంలో ఉందా? పిలిస్తే ఎంతసేపటికి వస్తున్నారు? గోడల రంగుల కన్నా, కరపత్రాల కన్నా ఇవి నిజం చెబుతాయి.

డబ్బు విషయం కూడా తెలిసి ఉండాలి. ఆరోగ్యశ్రీ అయినా, 70 ఏండ్లు దాటినవాళ్లకు కేంద్రం 2024 అక్టోబర్‌లో తెచ్చిన వయ వందన కార్డు అయినా ఆస్పత్రి వైద్యానికే. నెలనెలా సంరక్షణ ఖర్చు వాటిలో రాదు. జర్మనీ 1995లో, జపాన్ 2000లో దీనికోసమే ప్రత్యేక బీమా పెట్టుకున్నాయి. మన దగ్గర అలాంటిది లేదు. అందుకే ఆ బరువంతా మీలాంటి కోడళ్ల నడుముల మీద పడుతున్నది.

ఊళ్లోవాళ్ల మాటకొస్తే, "ఆశ్రమంల ఏసింది" అనేవాళ్లను ఒక్క రాత్రి వచ్చి అత్తమ్మ పక్క మార్చమనండి. ఒళ్లు పుండు పడకుండా, కడుపు మాడకుండా చూసుకునే చోట ఉంచడం పాపం కాదు. వారానికోసారి వెళ్లి పక్కన కూర్చోండి, పిల్లలను చూపించండి.

ప్రశ్న: నాకు 78 ఏండ్లు. ముసలామె పోయి నాలుగేండ్లయింది. రెండెకరాల భూమి, ఇల్లు ఉన్నయి. అవి తమ పేర్ల మీద రాసిస్తే మంచి హోమ్‌లో పెడతమని కొడుకులు అంటున్నరు. మతిమరుపు మొదలైందని కూడా అంటున్నరు. నా పనులు నేనే చేసుకుంట. ఏం చేయమంటరు?
- ఒక రైతు

జవాబు: పెద్దాయనా, ముందు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007 నుంచి ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తర్వాత చూడకపోతే ఆ రాతకోతలను రద్దు చేసే వీలు ఇచ్చింది 23వ సెక్షన్. అయితే ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చూడాలంది. కోర్టుల దాకా పోకుండా ఉండాలంటే, రాసివ్వక తప్పని పక్షంలో "నా తిండి, మందులు, సంరక్షణ చూడాలి, చూడకపోతే ఇది చెల్లదు" అని ఆ పత్రంలోనే రాయించండి.

అంతకన్నా మంచిది వీలునామా. అది మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ చేయిస్తే ఇంకా గట్టి. కొడుకులు పట్టించుకోకపోతే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టండి. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. ఎల్డర్‌లైన్ నంబర్ 14567, ఫోన్ ఉచితం.

మతిమరుపు సంగతి డాక్టర్ తేల్చాలి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, తోడు పోయిన దిగులుతోనూ మరుపు వస్తుంది. అవి మందులతో బాగవుతాయి. 60 దాటినవాళ్లలో మతి క్షీణించే జబ్బు (డిమెన్షియా) ఉన్నవాళ్లు నూటికి ఏడుగురికి కొంచెం ఎక్కువని దేశవ్యాప్త అధ్యయనం ఒకటి అంచనా వేసింది. మరుపు ఉన్నంత మాత్రాన డిమెన్షియా అని కాదు. ఒకవేళ అదే జబ్బని తేలితే, తెలివి నిలకడగా ఉన్నప్పుడే వీలునామా పూర్తి చేసుకోండి. ముందుముందు అలాంటివాళ్లను చూసుకోవడం తెలిసిన కేర్ సెంటర్ కావాల్సి రావచ్చు. అప్పుడు కూడా ఆ ఖర్చుకు మీ రెండెకరాలే మీకు ఆధారం. అందుకే చేజార్చుకోవద్దు.

పాఠకులకు ఒక మాట: ఆ 2007 చట్టంలోనే, జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటున్న ఆశ్రమాలను ప్రభుత్వం నెలకొల్పవచ్చని ఉంది. "నెలకొల్పవచ్చు" అనే మాట "నెలకొల్పాం" కావాలంటే అడిగేవాళ్లు ఉండాలి. సోమవారం సిరిసిల్ల కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లేవాళ్లు మీ అర్జీతో పాటు ఇది కూడా రాసివ్వండి: మంచం పట్టిన పేదవాళ్లను కూడా చేర్చుకునే చోటు మన జిల్లాలోనే కావాలి.