నాలుగు రోజులు అడవికి పంపితే ఎన్ని టెస్టులు పోతాయి?

"సార్, నాలుగు రోజులంటే ఒక వీకెండ్ టెస్టు, ఒక గ్రాండ్ టెస్టు పోతాయి. మరి ర్యాంకు సంగతేంటి?" దిల్‌సుఖ్‌నగర్‌లో నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒక తండ్రి అడిగిన మాట ఇది. కూతురు ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. దసరా సెలవుల్లో ఎకాలజీ శిబిరానికి వెళ్తానంటోంది. సెలవుల్లో కూడా టెస్టులేమిటని అడిగితే, "మాకు సెలవులెక్కడివి సార్" అన్నాడాయన. ఆ పిల్ల తలెత్తలేదు.

మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల పొడవునా చూడండి. 'రెసిడెన్షియల్' అన్న మాటకు మనం ఒకే అర్థం మిగిల్చుకున్నాం. తెల్లారుజామున లేపడం, స్టడీ అవర్, టెస్టు, మళ్లీ స్టడీ అవర్. పదహారేళ్ల పిల్లను రెండేళ్లు హాస్టల్లో పెట్టడానికి సందేహించని తల్లిదండ్రులు, అదే పిల్లను నాలుగు రోజులు మొక్కల మధ్య ఉంచమంటే భయపడుతున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

బైపీసీ అంటే నీట్, నీట్ అంటే ఎంబీబీఎస్, తక్కినదంతా ఓటమి. ఇదీ మన ఇళ్లలో నడుస్తున్న లెక్క. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటి కొన్ని వేలు. సీటు రానివాళ్లను లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపుతారు, అప్పుడూ రాకపోతే మళ్లీ లాంగ్ టర్మ్. అప్పు చేసి ఫీజు కట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ డబ్బు కట్టే ముందు ఈ పిల్లకు జీవశాస్త్రం నిజంగా ఇష్టమా అని ఒక్కసారైనా చూసుకున్నారా? అది తరగతి గదిలో తేలదు. బల్ల మీద చనిపోయిన నమూనా, పక్కవాళ్ల రికార్డు చూసి గీసిన బొమ్మ, పుస్తకం చివర్న హడావుడిగా ముగించే ఎకాలజీ యూనిట్. వీటితో ఏం తెలుస్తుంది?

శిబిరంలో ఏం జరుగుతుందో చెబుతాను. నేను చూసిన ఒకదానిలో, పొలం గట్టున పిల్లలు మిడతల్ని లెక్కపెట్టారు. అన్నిటినీ పట్టడం కుదరదు కదా. అందుకని 40 పట్టి, ఒక్కోదాని వీపు మీద రంగు చుక్క పెట్టి వదిలేశారు. మర్నాడు అదే గట్టున 50 పట్టారు. వాటిలో చుక్క ఉన్నవి 10. నలభైని యాభైతో హెచ్చించి పదితో భాగిస్తే 200. అక్కడున్న మిడతలు సుమారు 200 అన్నమాట. ఈ సూత్రం కోచింగ్ మెటీరియల్‌లో ఒక్క లైనులో దొరుకుతుంది. కానీ రాత్రి భోజనాల దగ్గర ఒక కుర్రాడు అడిగాడు: "సార్, రాత్రి మంచుకు చుక్కలు చెరిగిపోయుంటే?" అప్పుడు చుక్క ఉన్నవి తక్కువ దొరుకుతాయి, లెక్క ఉన్నదానికంటే ఎక్కువొస్తుంది. మర్నాడు పొద్దున్నే వాళ్లంతట వాళ్లే వేరే రంగు తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. తన లెక్కను తనే శంకించిన ఆ పిల్లవాడికి సైన్స్ మొదలైంది ఆ రాత్రి. డాక్టరైనా, పరిశోధకుడైనా కావలసింది ఆ గుణమే.

క్వాడ్రాట్ కూడా అంతే. తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చతురస్రం వేసి అందులోని మొక్కల రకాలన్నీ రాయాలి. మొదటి చతురస్రంలో పది కొత్త పేర్లు, రెండో దానిలో నాలుగు, పోనుపోను ఏమీ ఉండవు. వయ్యారిభామ కలుపు పరచుకున్న చోట మొదటి చతురస్రంలోనే ఆగిపోవచ్చు. జీవవైవిధ్యం తగ్గడమంటే ఏమిటో అప్పుడు వేళ్ల మీద లెక్కకు వస్తుంది. దీనికి శిబిరంలో రాత్రి బస ఎందుకంటారా? ఒక పూటలో వెళ్లివస్తే అది విహారయాత్ర అవుతుంది. సాయంత్రం కొలిచినది రాత్రి లెక్కవేసి, తప్పు కనబడితే తెల్లవారి మళ్లీ కొలవడానికి అక్కడే ఉండాలి.

బ్రిటన్‌లో ఇలాంటి బస శిబిరాల కోసమే 1943లో ఒక సంస్థ పుట్టింది, ఇప్పుడు దాని పేరు ఫీల్డ్ స్టడీస్ కౌన్సిల్. యుద్ధం మధ్యలో ఉండి కూడా పిల్లల్ని పొలాలకూ తీరాలకూ తీసుకెళ్లాలని ఆలోచించారు. మన దగ్గరా లోటేం లేదు. 1931లోనే సలీం అలీ ఈ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ రెసిడెన్షియల్ స్కూలే. అక్కడి లోయ 1991 నుంచి పక్షుల సంరక్షణ ప్రాంతం. 1900 నుంచి ఎవరికీ కనబడని కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా అడవుల్లో మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది అక్కడి ఊరి మనిషే. తన చుట్టూ ఉన్న చెట్టూ పిట్టా ఎరిగినవాడు కాబట్టే తేగలిగాడు.

మొదటిసారే నల్లమల అడవికి పంపనక్కర్లేదు. మెట్రోలో వెళ్లి ఎల్బీనగర్‌లో దిగి విజయవాడ రోడ్డు పట్టుకుంటే మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పటి నిజాం వేటమైదానం, 1994 నుంచి జాతీయ ఉద్యానం, విస్తీర్ణం 14 చదరపు కిలోమీటర్ల పైన. కృష్ణజింకలు మందలుగా కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ పిల్లలు నడిచి వెళ్లగలిగిన సరూర్‌నగర్ చెరువుంది. మురుగు చేరితే నీళ్లు ఎందుకు పచ్చబడతాయో, గుర్రపుడెక్క ఎందుకు కమ్మేస్తుందో అక్కడ చూడొచ్చు. 2020 అక్టోబరు వానలకు ఆ చెరువు చుట్టుపక్కల కాలనీలు ఎందుకు మునిగాయో కూడా ఎకాలజీ పాఠమే. ఇక్కడ నోట్‌బుక్ రాయడం అలవాటయ్యాక, అటవీశాఖ అనుమతితో నల్లమలలోని అమ్రాబాద్ వైపు నాలుగు రోజులు వెళ్తే ప్రయోజనం.

ఇప్పుడు హెచ్చరిక. ఈ శిబిరాల పేరుతో కూడా వ్యాపారం మొదలైంది. విదేశీ యూనివర్సిటీ అప్లికేషన్‌లో బాగుంటుందని చెప్పి, రిసార్టులో గది, జీపు సఫారీ, చివర్లో సర్టిఫికెట్ ఇచ్చే ప్యాకేజీలకు తల్లిదండ్రులు వేలకు వేలు కడుతున్నారు. దయచేసి కట్టకండి. శిబిరం నడిపేవాళ్లను ఒకటే అడగండి: మా పిల్ల అక్కడ ఏం కొలుస్తుంది? సమాధానం తడబడితే లేచి వచ్చేయండి. అటవీశాఖ అనుమతి కాగితం, పిల్లలతో ఉండే ఎకాలజిస్టు ఎవరన్నది, రాత్రి ఆడపిల్లల బస ఎక్కడన్నది రాతపూర్వకంగా తీసుకోండి. పామును పట్టి చేతికిచ్చి ఫోటో దిగనిచ్చే చోటు నుంచి పిల్లల్ని ఆ పూటే తెచ్చుకోండి. ప్రమాదం సరే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కూడా.

డబ్బు లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. నీటిపక్షుల గణన ఆసియా అంతటా ఏటా జనవరిలో జరుగుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పక్షుల లెక్కింపు ఉంటుంది, కాలేజీ ఆవరణలోనే చేయొచ్చు. ఒక బైనాక్యులర్‌ను నలుగురు పంచుకున్నా సరిపోతుంది.

తర్వాత దారేమిటంటారా? ఇంటర్ సైన్సులో 60 శాతం ఉంటే ఐఐఎస్ఈఆర్‌ల (సైన్స్ విద్య, పరిశోధన సంస్థల) ప్రవేశ పరీక్ష రాయొచ్చు. నా మొగ్గు అటే, అందులోనూ మన తిరుపతి క్యాంపస్ వైపు. కాకపోతే ఆ పరీక్షలో లెక్కలు కూడా ఉంటాయి, బైపీసీ పిల్లలు ముందే మొదలుపెట్టాలి. సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. అదీ కాకుంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ఉన్న మామూలు బీఎస్సీ చదివి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కో, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌కో, పుదుచ్చేరి యూనివర్సిటీకో పీజీకి వెళ్లడం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకూ ఆ డిగ్రీ చాలు. కొత్త కొత్త పేర్లు తగిలించి లక్షలు వసూలు చేసే డిగ్రీలకంటే ఆ మామూలు బీఎస్సీయే నాకు నమ్మకం.

జీతాల విషయంలో దాపరికం వద్దు. మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే, కాంట్రాక్టు మీదే. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు. ముప్పై ఏళ్లకు సొంతిల్లు కావాలనుకునే కుటుంబానికి ఇది సరిపడకపోవచ్చు, ఆ మాట ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. అయితే పని ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాసే సంస్థలకు ఎకాలజీ తెలిసినవాళ్లు కావాలి. అత్తాపూర్‌లోనే సీసీఎంబీ వారి వన్యప్రాణి ప్రయోగశాల లాకోన్స్ ఉంది. 2010లో నెహ్రూ జూపార్కుతో కలిసి మూషిక జింకల్ని పెంచడం మొదలుపెట్టి, తర్వాత వాటిని అమ్రాబాద్ అడవిలో వదిలారు. ల్యాబు, అడవి రెండూ తెలిసినవాళ్లు చేసిన పని అది.

ఆ తండ్రి చివరికి కూతుర్ని పంపాడు, రెండు టెస్టులు పోయాయి. తిరిగొచ్చాక నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ అమ్మాయి సంచిలోంచి మట్టి మరకల నోట్‌బుక్ తీసి, పద్దెనిమిది చతురస్రాల లెక్క చూపించింది. నీట్ రాస్తానంటోంది, ఐఐఎస్ఈఆర్ పరీక్ష కూడా రాస్తుందట. ఆయన ఆ నోట్‌బుక్ చేతిలోకి తీసుకుని, "ఈ తంగేడు మా ఊళ్లోనూ ఉంటుంది కదమ్మా" అన్నాడు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చెలకలో తాడు వేద్దామని ఇద్దరూ అనుకున్నారు.